పగడము - సున్నపు తేట

కాకతి గణపతిదేవ చక్రవర్తి 1244-45 లో మోటుపల్లి రేవున వేయించిన అభయశాసనమున సుంకము చెల్లింపవలసిన సరకుల పట్టిక యొకటి కలదు. చందనము, కర్పూరము, ముత్యములు, పన్నీరు, దంతము, రాగి, పట్టునూలు, మిరియములు మున్నగు వానితోపాటు పగడములును అందు పేర్కొనబడినవి. ఓరుగల్లు ప్రభువులకు పగడము వెలగల సరకు. అది నీటిలో బ్రతికిన ప్రాణి కట్టుకొనిన కట్టడమను విషయముతో రేవులోని సుంకరికి పనిలేదు. కాని నేడు గాజుతొట్టెలో ఉప్పునీరు నింపి పగడమును సజీవముగా పెంచగోరువారికి ఆ విషయమే ముఖ్యము. ఆ ప్రాణికి సున్నము మొదలగు ఖనిజములను ఎప్పుడు అందింపవలెను, ఎప్పుడు అందింపరాదు? ఈ ప్రశ్నకు సమాధానము మనుష్యుడు సముద్రమును కొలుచుట నేర్చిన చరిత్రలో కలదని మా అభిప్రాయము.

హారములలో గ్రుచ్చు ఎఱ్ఱ పగడము వేరు, సముద్రములో దిబ్బలు కట్టు రాతి పగడము వేరు. అయినను రెండింటి గట్టిదనమునకును సున్నపురాయి జాతి పదార్థమే మూలము. రాతి పగడము నీటిలో కరగియున్న కాల్షియమును, కార్బనేటును గ్రహించి శిలగా పేర్చుకొనును. మహాసముద్రమున ఈ సరఫరాకు కొరతలేదు. రెండువందల లీటర్ల తొట్టెలో మాత్రము ప్రతిదినమును కొంత తరుగుచుండును.

సముద్రపు నీటిలో ఏది యెంత కలదను లెక్క 19వ శతాబ్దిలో తేలినది. 1872 నుండి 1876 వరకు లోకము చుట్టివచ్చిన చాలెంజర్ నౌక తెచ్చిన నీటి మచ్చులలో 77 టిని విలియం డిట్మార్ పరీక్షించి, 1884 లో ఫలితములను ప్రకటించెను. ఏ సముద్రమున చూచినను ముఖ్య లవణముల పాళ్లు పరస్పరము దాదాపు మారవని వానివలన స్థిరపడెను. కిలో నీటికి సుమారు 35 గ్రాముల లవణము, అందు కాల్షియము 410 మిల్లీగ్రాములు, మెగ్నీషియము 1,290 మిల్లీగ్రాములు ఉండును. ఆమ్లమును తట్టుకొను శక్తియగు క్షారత జర్మను కొలతలో 7 డిగ్రీల ప్రాంతమున నుండును.

దీనినిబట్టి మొదటి పాఠము తెలియుచున్నది: ముందు ఉప్పుతనము కొలువవలెను. వరంగల్లు వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటినపుడు తొట్టెలో నీరు ఆవిరియగును, లవణము మిగులును. అపుడు కాల్షియము ఎక్కువగా తోచును. ఉప్పుతనము పలుచనైనచో అన్నియు తక్కువగా తోచును. ఈ రెంటికిని మందు ఖనిజముల సీసా కాదు. మొదటి దానికి శుద్ధజలము, రెండవ దానికి సముద్రలవణము కావలెను. కాఠిన్యము గల బోరు నీటిని పోయుట పొరపాటు. అందులోని లవణముల పాళ్లు సముద్రపు పాళ్లు కావు.

రెండవ పాఠము థామస్ గొరో చెప్పినది. ఆయన 1950 ల దశకమున జమైకా ద్వీపమున రేడియోధార్మిక కాల్షియముతో పగడములను పరీక్షించి, అవి చీకటిలోకన్న వెలుతురులో చాల వేగముగా శిలను పేర్చుకొనునని చూపెను. కనుక పగడపు అక్కర దాని జాతిని, వయస్సును, వెలుతురును బట్టి మారును. సీసాపై అచ్చువేసిన మోతాదు అందరి తొట్టెలకును సరిపోదు.

1961 లో జకార్తాకు చెందిన లీ చిన్ ఎంగ్ సజీవశిలలతో సముద్రజీవులను పెంచు పద్ధతిని ప్రకటించెను. 1973 లో పీటర్ విల్కెన్స్ రచించిన గ్రంథముతో జర్మను భాషా దేశములలో సున్నపు తేట వాడుక వ్యాపించెను. మన తాంబూలపు సున్నమునకు బంధువైన పదార్థమే అది. అయినను తొట్టెకు శుద్ధమైన తడిసున్నమునే వాడవలెను. లీటరు శుద్ధజలమున సుమారు గ్రామున్నర కలిపి, పేరనిచ్చి, పై తేటను మాత్రమే, ఆవిరియైన నీటికి బదులుగా, రాత్రివేళ చుక్కచుక్కగా వదలుదురు. పగడము తీసికొను పాళ్లలోనే కాల్షియమును క్షారతయు దీనివలన చేకూరును. ఒక్కుమ్మడిగా పోసినచో దాని తీక్ష్ణత జీవులను చంపగలదు.

ఇక నిర్ణయమునకు వత్తము. పగడము లీటరుకు 20 మిల్లీగ్రాముల కాల్షియము గ్రహించునప్పటికి క్షారత 2.8 డిగ్రీలు తగ్గును. అనగా కాల్షియము 410 నుండి 390 కి దిగినపుడు కొరత కంటికి ఆనదు. క్షారత 7 నుండి 4.2 కు పడిపోయి ప్రాణి అప్పటికే బాధపడుచుండును. కాబట్టి క్షారతనే తొలి సాక్షిగా గైకొనవలెను. ఒకే వేళకు, వారములో మూడు పర్యాయములు కొలిచి వ్రాసికొనుడు. వారమునకు 1.4 డిగ్రీ తగ్గినచో దినమునకు 0.2 డిగ్రీ వ్యయమగుచున్నదని అర్థము. వాడుక చొప్పున నీరు మార్చుటతోనే ఆ లోటు తీరినచో ఏమియు చేర్చనక్కరలేదు. నీరు మార్చినను వారము వారము కొలత దిగజారుచున్నపుడే, తరిగినంత మేరకు, దినదినమును కొద్దికొద్దిగా చేర్చవలెను. క్షారత నిలిచి, కాల్షియము మాత్రము నిలువకున్నచో మెగ్నీషియమును పరీక్షింపవలెను. అది తక్కువైనచో కాల్షియము పగడమునకు అందకముందే వృథాగా పేరిపోవును.

మన దేశమున మరియొక నిర్ణయము దీనికి ముందుగనే చేయవలసియున్నది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి అనుబంధమున 2001 లో రాతి పగడము లన్నియు చేర్చబడినవి. కచ్ సింధుశాఖ, మన్నారు సింధుశాఖ, లక్షద్వీపములు, అండమాను దీవులందలి దిబ్బల రక్షణకై చేసిన ఏర్పాటిది. వానిని పట్టుటయు, అమ్ముటయు నేరము. కనుక ఏ జీవిని ఇంట ఉంచవచ్చునో అటవీశాఖవారిని అడిగి తెలిసికొనిన పిదపనే తొట్టె కొనవలెను. రాతికట్టడము లేని మెత్తని జాతులకు సున్నపు అక్కర మిక్కిలి స్వల్పము. వానికి చక్కని ఉప్పునీటి మార్పిడియే సాధారణముగా చాలును.

శాసనకాలమున పగడమునకు సుంకము కట్టిరి. నేడు దాని నీటిని కొలిచి ఆహారము పెట్టవలెను. కొలత లేని దయ ఈ ప్రాణికి హానియే చేయును.