నడివయసులో కొండ నడక, హాట్ యోగా

నడివయసులో కొండ నడక, హాట్ యోగా అనేవి సుమారు 40 నుండి 60 సంవత్సరాల మధ్య వయస్సు గలవారు శరీర దారుఢ్యాన్ని నిలుపుకొనుటకు ఎంచుకొనే శ్రమతో కూడిన వ్యాయామాలలో రెండు. మొదటిది మెట్ల మీదుగా గాని, కాలిబాటన గాని కొండలు ఎక్కడం. రెండవది కృత్రిమంగా వేడి చేసిన గదిలో యోగాసనాలు వేయడం. పూర్వపు గుంటూరు, ప్రకాశం జిల్లాలకు చెందిన ప్రత్తి, మిరప మైదానంలో మొదటిది దైవదర్శన రూపంలో తరతరాలుగా ఉన్నది. రెండవది కలకత్తాలో నేర్చిన ఆసనాలకు అమెరికాలో ప్రచారం లభించిన తరువాత వ్యాపించిన పద్ధతి. ఈ రెండింటిలోనూ మేలు చేసేది శ్రమ. వేడి ఆ మేలుకు తప్పనిసరి కాదు. వేసవి తీవ్రంగా ఉండే ఈ ప్రాంతంలో ఈ భేదాన్ని గుర్తించడం ప్రాణరక్షణకు సంబంధించిన విషయం.

== ప్రాంతం ==
గుంటూరు, నరసరావుపేట, చిలకలూరిపేట, పర్చూరు, అద్దంకి పట్టణాల చుట్టూ విస్తరించిన నల్లరేగడి భూములలో ప్రత్తి, మిరప ముఖ్యమైన వాణిజ్య పంటలు. ప్రకాశం జిల్లా 1970లో ఒంగోలు జిల్లాగా ఏర్పడి, 1972లో టంగుటూరి ప్రకాశం పంతులు పేరును పొందినది. 2022 ఏప్రిల్ 4న జరిగిన పునర్వ్యవస్థీకరణలో పల్నాడు, బాపట్ల జిల్లాలు కొత్తగా ఏర్పడ్డాయి. అందువలన ఈ వ్యాసంలో చెప్పిన కొన్ని స్థలాలు నేడు ఈ కొత్త జిల్లాల పరిధిలో ఉన్నాయి.

చదునైన ఈ మైదానం మధ్య అక్కడక్కడా విడిగా నిలిచిన కొండలు కనిపిస్తాయి. కోటప్పకొండ, కొండవీడు కొండలు, మంగళగిరి, సింగరకొండ వీటిలో ప్రసిద్ధమైనవి. ఏప్రిల్, మే నెలలలో పగటి ఉష్ణోగ్రత తరచుగా 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. పల్నాటిలోని రెంటచింతల వేసవి ఎండలకు పేరుపడినది. సముద్రతీరానికి దగ్గరగా ఉన్న ఊళ్ళలో ఎండకు ఉక్కపోత తోడవుతుంది.

== నడివయసులో కలిగే మార్పులు ==
ముప్పై ఏళ్ళు దాటిన తరువాత కండరాల పరిమాణం పదేళ్ళకు 3 నుండి 8 శాతం వరకు తగ్గుతుంది. వ్యాయామం లేనివారిలో ప్రాణవాయువును వినియోగించుకొనే సామర్థ్యం పదేళ్ళకు సుమారు 10 శాతం క్షీణిస్తుంది. స్త్రీలలో ముట్లుడిగిన తరువాత ఎముకల సాంద్రత వేగంగా తగ్గుతుంది. మధుమేహం, రక్తపోటు ఎక్కువగా బయటపడేది కూడా ఈ వయస్సులోనే. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధనా మండలి సర్వే ప్రకారం దేశంలో 11.4 శాతం మందికి, అనగా సుమారు 10 కోట్ల మందికి, మధుమేహం ఉన్నది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ప్రకటించిన మార్గదర్శకాల ప్రకారం 18 నుండి 64 సంవత్సరాల వారు వారానికి 150 నుండి 300 నిమిషాల మధ్యరకం శ్రమ గాని, 75 నుండి 150 నిమిషాల తీవ్ర శ్రమ గాని చేయాలి. దానితోపాటు వారానికి కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం అవసరం. మాట్లాడగలిగి, పాట పాడలేని స్థితిని మధ్యరకం శ్రమగాను, రెండు మూడు మాటలకే ఊపిరి అందని స్థితిని తీవ్ర శ్రమగాను గుర్తించవచ్చు.

== కొండ నడక ==

=== స్థలాలు ===
కోటప్పకొండ: నరసరావుపేటకు సమీపంలోని ఈ కొండపై త్రికోటేశ్వరస్వామి ఆలయం సుమారు 600 అడుగుల ఎత్తున ఉన్నది. బ్రహ్మ, విష్ణు, రుద్ర శిఖరాలు మూడు ఉన్నందున దీనిని త్రికూటాద్రి అంటారు. స్థలపురాణం ప్రకారం ఆనందవల్లి అనే గొల్లభామ ప్రతిదినం రుద్రశిఖరం ఎక్కి స్వామిని సేవించేది. గర్భవతియై ఎక్కలేని స్థితి రాగా, స్వామినే క్రిందికి రమ్మని వేడుకొన్నది. వెనుదిరిగి చూడరాదన్న నియమంతో స్వామి ఆమె వెంట బయలుదేరాడు. దారిలో ఆమె వెనుదిరిగి చూడగా స్వామి అక్కడే నిలిచిపోయాడని, ప్రస్తుత ఆలయం ఆ చోటనే వెలసినదని చెబుతారు. మహాశివరాత్రికి ఇక్కడికి ఎత్తైన ప్రభలతో భక్తులు తరలివస్తారు. మెట్లదారితోపాటు ఘాట్ రోడ్డు కూడా కలదు.

మంగళగిరి: కొండ మీది పానకాల నరసింహస్వామి ఆలయానికి 1890లో చన్నాప్రగడ బలరామదాసు మెట్లు కట్టించాడు. 2004లో రహదారి ఏర్పడినది. ఇక్కడ స్వామికి బెల్లపు పానకం నివేదించి, మిగిలిన సగాన్ని భక్తులకు ప్రసాదంగా ఇస్తారు. ఎక్కి అలసిన శరీరానికి నీటిని, చక్కెరను ఇచ్చే పానీయమిది. మధుమేహం ఉన్నవారు మాత్రం పరిమాణం గమనించుకోవాలి.

కొండవీడు: రెడ్డి రాజుల రాజధానియైన ఈ గిరిదుర్గాన్ని 1515లో శ్రీకృష్ణదేవరాయలు జయించాడు. ప్రాకారాలు, బురుజులు, చెరువులు, ఆలయాలు కొండపై విస్తరించి ఉన్నందున ఇక్కడి నడక మెట్లదారి కన్నా దీర్ఘమైనది. కాలిబాటలలో రాళ్ళు, ముళ్ళపొదలు ఉంటాయి గనుక గట్టి అడుగు గల బూట్లు అవసరం.

సింగరకొండ: అద్దంకి సమీపంలో భవనాశి చెరువు ఒడ్డున గల చిన్న కొండ. క్రింద ప్రసన్నాంజనేయస్వామి, పైన నరసింహస్వామి ఆలయాలు ఉన్నాయి. కొత్తగా మొదలుపెట్టేవారికి అనువైనది.

=== శ్రమ ===
70 కిలోల బరువు గల వ్యక్తి 180 మీటర్ల ఎత్తు ఎక్కినప్పుడు గురుత్వాకర్షణకు వ్యతిరేకంగా జరిగే పని సుమారు 30 కిలోకేలరీలు. కండరాలు తాము ఖర్చు చేసే శక్తిలో నాలుగవ లేక ఐదవ వంతును మాత్రమే పనిగా మార్చగలవు. కావున ఆ ఎత్తుకు 120 నుండి 150 కిలోకేలరీలు ఖర్చవుతాయి. మిగిలిన శక్తి అంతా వేడిగా మారి శరీరంలోనే పుడుతుంది. చల్లని ఉదయాన కూడా కొండ ఎక్కేవారికి చెమట పట్టడానికి కారణమిదే.

ఎక్కేటప్పుడు గుండె, ఊపిరితిత్తులపై భారం ఎక్కువ. దిగేటప్పుడు తొడ కండరాలు సాగుతూనే బరువును ఆపవలసి ఉంటుంది. అందువలన మరునాడు తొడలు పట్టేయడం, మోకాళ్ళు నొప్పి పెట్టడం సాధారణం. చిన్న అడుగులు, చేతికర్ర, తగిన విశ్రాంతి ఈ బాధను తగ్గిస్తాయి. మోకాళ్ళ అరుగుదల ఉన్నవారు మెట్లు ఎక్కి, దిగేటప్పుడు వాహనంలో రావడం మేలు.

== హాట్ యోగా ==

=== చరిత్ర ===
హాట్ యోగాకు విస్తృత ప్రచారం కల్పించినవాడు 1944లో కలకత్తాలో జన్మించిన బిక్రమ్ చౌదరి. ఈయన పరమహంస యోగానంద సోదరుడైన బిష్ణు చరణ్ ఘోష్ (1903 – 1970) వద్ద యోగా నేర్చుకొన్నాడు. 1970వ దశకంలో అమెరికాలోని కాలిఫోర్నియాలో శిక్షణాలయాలు నెలకొల్పాడు. ఆయన పద్ధతిలో 26 ఆసనాలు, 2 శ్వాస క్రియలు ఉంటాయి. తరగతి 90 నిమిషాలు సాగుతుంది. గదిని సుమారు 40 డిగ్రీల సెల్సియస్ వేడిలో, 40 శాతం తేమలో ఉంచుతారు. ఈ ఆసనాల వరుసకు కాపీహక్కు వర్తించదని 2015లో అమెరికా అప్పీలు న్యాయస్థానం తీర్పు చెప్పినది. లైంగిక వేధింపుల కేసులో 2016లో చౌదరికి వ్యతిరేకంగా భారీ నష్టపరిహారపు తీర్పు వచ్చినది. అనంతరం అనేక శిక్షణాలయాలు ఆయన పేరును వదలి హాట్ యోగా అనే పేరును స్వీకరించాయి.

=== పరిశోధనలు ===
వేడి వలన అదనపు ప్రయోజనం ఉన్నదా అనే ప్రశ్నపై టెక్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో ఒక అధ్యయనాన్ని ప్రచురించారు. వ్యాయామం అలవాటు లేని 40 – 60 సంవత్సరాల వారిలో కొందరు 40.5 డిగ్రీల గదిలోను, మరికొందరు 23 డిగ్రీల గదిలోను ఒకే విధమైన ఆసనాలను 12 వారాలు సాధన చేశారు. రక్తనాళాల వ్యాకోచ శక్తి రెండు జట్లలోనూ మెరుగుపడినది. వేడి గది జట్టుకు ఈ విషయంలో ప్రత్యేకమైన ఆధిక్యం కనిపించలేదు. అనగా ఈ మేలు ఆసనాలదే.

తరగతి అనంతరం బరువు తగ్గినట్లు కనిపించడానికి ముఖ్య కారణం చెమట రూపంలో పోయిన నీరు. కొలరాడో స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధనలో 90 నిమిషాల తరగతికి పురుషులు సగటున 460, స్త్రీలు 330 కిలోకేలరీలు ఖర్చు చేసినట్లు తేలినది. ఇది వేగపు నడకతో సమానం. 2015లో అమెరికాలో జరిగిన మరొక పరిశీలనలో, తరగతి ముగిసేసరికి కొందరి అంతర్గత శరీర ఉష్ణోగ్రత 39.4 డిగ్రీలను దాటినది.

=== ఈ ప్రాంతానికి అన్వయం ===
మే నెలలో ఎండకు కాగిన మిద్దె ఇంటి పైగది ఏ యంత్రమూ లేకుండానే హాట్ యోగా గదికి చేరువవుతుంది. అటువంటి గదిలో తలుపులు మూసి సాధన చేయడం ప్రమాదకరం. ఇదే ఆసనాలను వేకువన గాలి వచ్చే వరండాలోనో, డాబాపైనో వేసినచో ఆసనాల మేలు తగ్గదు. సంప్రదాయ యోగశాస్త్రంలో గదిని వేడి చేయాలన్న నియమం లేదు. 2015 నుండి జూన్ 21న జరుపుకొంటున్న అంతర్జాతీయ యోగా దినోత్సవ కార్యక్రమాలు కూడా సాధారణంగా ఉదయపు వేళ ఆరుబయటనే జరుగుతాయి.

== వేడి, శరీరం ==
చెమట ఆవిరి అయినప్పుడే శరీరం చల్లబడుతుంది. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే సుమారు 580 కిలోకేలరీల వేడి తొలగిపోతుంది. గాలిలో తేమ ఎక్కువైతే చెమట కారిపోతుంది గాని ఆవిరి కాదు, శరీరం చల్లబడదు. అందువలన పల్నాటి పొడి ఎండ కన్నా తక్కువ ఉష్ణోగ్రతలోనే తీరప్రాంతపు ఉక్కపోత హాని చేయవచ్చు. వేడికి శరీరం అలవాటుపడుటకు ఒకటి నుండి రెండు వారాలు పడుతుంది. చల్లని గదులలో ఉద్యోగం చేసేవారికి ఈ అలవాటు ఉండదు.

2015 మే నెలలో వీచిన వడగాలులకు దేశంలో రెండువేల మందికి పైగా మరణించారు. మృతులలో అత్యధికులు ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ వారే. తీవ్రంగా నష్టపోయిన జిల్లాలలో ప్రకాశం ఒకటి.

== పొలం పని, వ్యాయామం ==
ప్రత్తి తీత, మిరప కోత ఈ మైదానంలో నడివయసు స్త్రీలు ఎక్కువగా చేసే పనులు. మిరప కోతలు ప్రధానంగా జనవరి నుండి ఏప్రిల్ వరకు సాగుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పనిలోని శ్రమను కూడా శారీరక శ్రమగానే లెక్కిస్తుంది. అయితే గంటల తరబడి నడుము వంచి చేసే కోత, ఇష్టమైన వేళ మొదలుపెట్టి ఇష్టమైనప్పుడు ఆపగలిగే వ్యాయామం ఒకటి కావు. కొండ ఎక్కేవారు అలసిన చోట కూర్చోగలరు, హాట్ యోగా సాధకులు గది వదలి వెళ్ళగలరు. కూలికి వెళ్ళినవారికి ఆ అవకాశం తక్కువ. కావున నీరు, నీడ, పనివేళల మార్పు వంటి రక్షణలు వారికే ముందుగా అవసరం. అటువంటి శ్రమ చేసేవారికి అదనపు కఠిన వ్యాయామం కన్నా నడుమును సడలించే తేలిక ఆసనాలు, విశ్రాంతి ఉపకరిస్తాయి.

== జాగ్రత్తలు ==
* గుండె జబ్బు, రక్తపోటు, మధుమేహం ఉన్నవారు, చాలా కాలంగా వ్యాయామం లేనివారు ముందుగా వైద్యుని సంప్రదించాలి. మూత్రం ఎక్కువగా పోయేటట్లు చేసే రక్తపోటు మందులు, గుండె వేగాన్ని తగ్గించే మందులు వేడిని తట్టుకొనే శక్తిని తగ్గించవచ్చు.
* కొండ నడకకు నవంబరు నుండి ఫిబ్రవరి వరకు అనుకూల సమయం. వేసవిలో తెల్లవారుజామున ఎక్కి, ఎండ ముదరక ముందే దిగాలి.
* ఎత్తును, వ్యవధిని వారాల తరబడి క్రమంగా పెంచాలి. ఒంటరిగా వెళ్ళరాదు.
* మిరప కల్లాల ఘాటు గాలి ఉబ్బసం ఉన్నవారిని బాధించవచ్చు గనుక, ఎండబోత కాలంలో కల్లాలకు దూరంగా ఉన్న దారిని ఎంచుకోవాలి.
* చెమట ఎక్కువగా పట్టినప్పుడు నీటితోపాటు లవణం కూడా అవసరం. ఓ.ఆర్.ఎస్. పొట్లం లేనిచో ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి వాడవచ్చు. ఇక్కడ చెంచా అనగా చిన్న టీ చెంచా. ఉప్పు వేసిన పలుచని మజ్జిగ కూడా మంచిదే.
* ఛాతీలో బరువు, ఎడమ చేతికి లేక దవడకు ప్రాకే నొప్పి, కళ్ళు తిరగడం, వాంతి వచ్చినట్లుండడం కనిపిస్తే వెంటనే ఆపివేయాలి.
* శరీర ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటి, మాట తడబడడం, స్పృహ తప్పడం వడదెబ్బ లక్షణాలు. రోగిని నీడకు చేర్చి, దుస్తులు వదులు చేసి, ఒళ్ళంతా చల్లని నీటితో తడిపి విసరాలి. స్పృహ లేనివారికి నోటి ద్వారా ఏమీ ఇవ్వరాదు. వెంటనే 108 వాహనాన్ని పిలవాలి.

== ఇవి కూడా చూడండి ==
* కోటప్పకొండ
* మంగళగిరి
* కొండవీడు
* యోగాసనాలు
* వడదెబ్బ