ఒక్క వరుస ఆజ్ఞ: పుట్టుపూర్వోత్తరములు

పెనుగొండ పరిసరముల కంప్యూటర్ శాస్త్రము చదువుకొను విద్యార్థి నేడు టెర్మినల్ తెరపై ‘పిప్ ఇన్‌స్టాల్ పాండాస్’ అని ఒక్క వరుస కొట్టి ఎంటర్ నొక్కినచో, పాండాస్ మాత్రమే గాక దానికి ఆధారమైన నంపై మొదలగు మాడ్యూళ్ళు సైతము వెంట దిగివచ్చి, కొలది క్షణములలో తమ తమ స్థానములలో కుదురుకొనును. ఈ సౌలభ్యము పైథాన్‌తో పుట్టినదని తలచువారు కలరు. పాతకాపులైనచో పెర్ల్‌తో పుట్టినదందురు. నిజమునకు దీని మూలము ప్రోగ్రామింగ్ భాషలలో లేదు, గ్రంథముద్రణలో నున్నది. ఆ మూలస్థానమున తెలుగు లిపికి గూడ చోటు దొరకిన సంగతి మనవారిలో బహుకొలదిమందికే తెలియును.

తన గ్రంథములు అచ్చయిన తీరు కంటికి నచ్చక, డొనాల్డ్ నూత్ అను అమెరికా శాస్త్రవేత్త 1970ల చివర ‘టెక్’ అను అక్షరసంయోజన వ్యవస్థను, దానికి తోడుగా అక్షరరూపములను గణితసూత్రములతో గీయు ‘మెటాఫాంట్’ను నిర్మించెను. వానికి అనుబంధములుగా ఎందరెందరో వ్రాసిన ఫైళ్ళు దేశదేశముల ఎఫ్‌టీపీ సర్వర్లలో చెల్లాచెదరై, ఏది కొత్తదో ఏది పాతదో తెలియరాకుండెను. జార్జ్ గ్రీన్‌వేడ్, రైనర్ షోఫ్, సెబాస్టియన్ రాట్స్ ప్రభృతులు 1992లో పూనుకొని, వానినన్నిటిని ఒకే క్రమమున అమర్చి, అమెరికా, జర్మనీ, ఇంగ్లండులలోని యంత్రములపై ఒకే ప్రతిగా నిలిపిరి. అదియే సీటాన్. లక్ష్మీ ముక్కవిల్లిగారు 1990ల తొలినాళ్ళలో రూపొందించిన ‘తెలుగుటెక్’ ఆ కోశాగారములో చేరినది. యూనికోడ్ తెలుగు ఇంటింటి కంప్యూటరుకు రాకమునుపే, మన గుణింతములు అంతర్జాతీయ భాండారములో భద్రపడినవన్నమాట!

ఇక పెర్ల్ కథ. లారీ వాల్ 1987లో సృజించిన ఈ భాషకు 1994లో వెలువడిన అయిదవ రూపముతో మాడ్యూళ్ళు వ్రాయు సదుపాయము చక్కగా కుదిరెను. కాని ఇతరులు వ్రాసిన మాడ్యూల్ కావలసినవాడు దాని కట్టను ఎక్కడనో వెదకి తెచ్చుకొని, విప్పి, మేక్‌ఫైల్ పుట్టించి, ‘మేక్’ అని, ‘మేక్ టెస్ట్’ అని, ‘మేక్ ఇన్‌స్టాల్’ అని వరుసగా ఆజ్ఞాపింపవలెను. నడుమ వేరొక మాడ్యూల్ లేదని ఫిర్యాదు వచ్చినచో, దానికొరకు మరల మొదటినుండి ఇంతయు చేయవలెను. ఫిన్లండు వాసి యార్కో హియెటానియెమి, జర్మనీ వాసి అండ్రేయాస్ కోనిగ్ మొదలగువారు సీటాన్‌ను ఒరవడిగా గొని 1995 అక్టోబరులో పెర్ల్ మాడ్యూళ్ళ భాండారమైన సీపాన్‌ను లోకమునకు ప్రకటించిరి. ధవళేశ్వరము ఆనకట్ట వద్ద నిలిచిన గోదావరి, ప్రధాన కాలువలుగా, శాఖా కాలువలుగా, పంట బోదెలుగా చీలి పెనుగొండ చేలకు చేరునట్లు, సీపాన్ సంపదయు నానాదేశముల మిర్రర్ సర్వర్ల ద్వారా వాడుకరికి చేరువయ్యెను. ఒక్క భేదమేమన, ఇచ్చట ప్రతి శాఖలోను నది యంతయు నుండును. తూము తీయు పని కోనిగ్ వ్రాసిన సీపాన్ మాడ్యూల్‌ది. అది 1997లో పెర్ల్ 5.004తో పాటే రాసాగెను; పేరు చెప్పిన చాలు, వెదకుట, తెచ్చుట, ఆధారములను కూర్చుట, పరీక్షించుట, స్థాపించుట అన్నియు అదియే నెరవేర్చును.

‘పరీక్షించుట’ యను మాటను పాఠకులు గమనింపవలెను. మాడ్యూల్ మన యంత్రముపై సరిగా నడచునో లేదో చూచి, తప్పినచో స్థాపింపక నిలుపుట సీపాన్ సంప్రదాయము. తరువాత వచ్చిన పైథాన్ వారి పిప్, జావాస్క్రిప్టు వారి ఎన్‌పీఎంలు వేగమును వరించి ఈ మర్యాదను విడిచిపెట్టినవి. నా దృష్టిలో అది నష్టమే.

ఆ తరువాతివంతయు వంశవిస్తరణమే. ఆర్ భాషకు 1997లో క్రాన్, పైథాన్‌కు 2003లో పీవైపీఐ, రూబీకి 2004లో రూబీజెమ్స్ ఏర్పడినవి. ఇయాన్ బికింగ్ 2008లో పిప్‌ను రచించెను. 2014 నాటి పైథాన్ 3.4 నుండి అది భాషతోనే వచ్చుచున్నది. జావాస్క్రిప్టుకు ఎన్‌పీఎం 2010లో పుట్టి, గుప్పెడు వరుసల కోడ్ నైనను మాడ్యూల్‌గా ప్రకటించు అలవాటును పెంచినది.

ఆ అలవాటు ఫలము 2016 మార్చి 22న బయటపడెను. వాక్యమునకు ఎడమవైపు ఖాళీలు చేర్చు ‘లెఫ్ట్ ప్యాడ్’ అను పదునొకండు వరుసల మాడ్యూల్‌ను, వేరొక మాడ్యూల్ పేరు విషయమై తగవు వచ్చి, దాని కర్త ఉపసంహరించుకొనగా, దానిపై పరంపరగా ఆధారపడిన వేలాది ప్రాజెక్టుల నిర్మాణము ఒక్కసారిగా ఆగిపోయినది. నిర్వాహకులు దానిని కొలది గంటలలో పునఃప్రతిష్ఠించిరి. అంతకన్న ప్రమాదకరమైనది పేరుల మోసము: ప్రసిద్ధమైన పేరులో ఒక అక్షరము మార్చి దొంగ మాడ్యూల్ పెట్టువారు నేటికిని ఉన్నారు.

ఇందుకు భిన్నముగా డెబియన్ లినక్సులో ప్రతి ప్యాకేజీకిని బాధ్యుడొకడుండును. ‘యాప్ట్’ ఆజ్ఞ భాండారపు డిజిటల్ సంతకమును సరిచూచిన పిమ్మటనే స్థాపించును. 2023 నాటి డెబియన్ 12 నుండి, వ్యవస్థలోని పైథాన్‌లో పిప్ నేరుగా చేయి పెట్టుటకు సమ్మతింపక, వేరుగా ‘వెన్వ్’ అను ప్రత్యేక ఆవరణను కట్టుకొమ్మని చెప్పును. పిల్లలు దీనిని చూచి విసుగుకొందురు గాని, అది వారి మేలునకే. తెలుగునకు ఈ భాండారము చేసిన ఉపకారము స్వల్పము కాదు: కెనడాలో నివసించిన తిరుమల కృష్ణ దేశికాచార్యులుగారి పోతన, వేమన ఖతులు ‘ఫాంట్స్ తెలు ఎక్స్‌ట్రా’ అను ప్యాకేజీగాను, సిలికానాంధ్ర విడుదల చేసిన ఖతులు ‘ఫాంట్స్ తెలుగువిజయం’ అను ప్యాకేజీగాను, ఒక్క ఆజ్ఞతో ఎవరి యంత్రమునకైనను చేరును.

ఖతులు వచ్చినవి, మాడ్యూళ్ళు ఇంకను రావలసియున్నవి. తెలుగు వాక్యమును అక్షరములుగా విడదీయుటకో, తిథివారములు గణించుటకో కళాశాల ప్రాజెక్టుగా వ్రాసిన కోడ్‌ను మార్కులు పడిన మరునాడు పెన్‌డ్రైవులో మరచిపోవు విద్యార్థులారా, దానికి రెండు పరీక్షలు, ఒక లైసెన్సు, వివరముగా ఒక రీడ్‌మీ చేర్చి పీవైపీఐలో ఉంచుడు. ఖాతాకు రుసుము లేదు. 2024 జనవరి నుండి రెండంచెల ధ్రువీకరణ మాత్రము తప్పనిసరి.