వాక్యము, లెక్క, హేతువు: ఒకే గ్రీకు మాట నడిచిన దారి



మన కమలాపురం చుట్టుపక్కల సంఘాలలో "వాక్యం" అనే మాట వినపడని ఆదివారం ఉండదు. "ఈ వారం వాక్యం ఎవరు చెప్పినారు?" అని అడుగుతాం. "వాక్యం బాగుండింది" అంటాం. "వాక్యానికి టైమైంది, రాండి" అని పిలుస్తాం. ప్రసంగమూ వాక్యమే, బైబిలు వచనమూ వాక్యమే. మన నోళ్లలో ఇంతగా నానిన ఈ మాట యోహాను సువార్త మొదటి అధ్యాయంలో ప్రభువుకే పేరుగా కనబడుతుంది. అక్కడ గ్రీకులో ఉన్న మాట "లోగోస్". ఆ సువార్త రాసేనాటికే గ్రీకు జ్ఞానుల మధ్య ఆ మాటకు దాదాపు 600 ఏండ్ల చరిత్ర ఉంది.

ఆ చరిత్ర మనకెందుకు అంటారేమో. కడపలో, ప్రొద్దుటూరులో, తిరుపతిలో చదువుకుంటున్న మన పిల్లలు సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు ప్రశ్నలు తెస్తున్నారు. "తత్వశాస్త్రం, సైన్సు చదివినవాడు బైబిలును నమ్మగలడా?" "మన పెద్దలు చెప్పిన జ్ఞానమంతా చీకటేనా?" అని అడుగుతున్నారు. చాలా ఇండ్లలో వాళ్లకు దొరికే జవాబు ఒక్కటే: "ప్రశ్నలు వేయకూడదు, నమ్మాలంతే." ఇది బైబిలు ఇచ్చే జవాబేనా? లోగోస్ అనే మాట నడిచిన దారి చూస్తే మనకే అర్థమవుతుంది.

ఎఫెసు జ్ఞాని, ఏథెన్సు మండపం

క్రీ.పూ. 500 ప్రాంతంలో ఎఫెసు పట్టణంలో హెరాక్లిటస్ అనే జ్ఞాని ఉండేవాడు. అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయంలో వెండి పనివాళ్లు అల్లరి చేసిన ఎఫెసు అదే. అతడు తన పుస్తకాన్ని అర్తెమిదేవి గుడిలోనే ఉంచాడని డయోజనీస్ లయెర్షియస్ అనే పాత రచయిత రాశాడు. లోకంలో ఏదీ నిలకడగా ఉండదని హెరాక్లిటస్ బోధ. ఏటిలో దిగిన మనిషి కాళ్లకు ఎప్పటికప్పుడు కొత్త నీళ్లే తగులుతాయి. పాపాఘ్నికి నీళ్లొచ్చినప్పుడు మనమూ చూస్తాం గదా. అయితే ఆ మార్పు అడ్డదిడ్డంగా జరగదనీ, దాని వెనుక ఒక క్రమం, ఒక లెక్క ఉందనీ అతడన్నాడు. దానికి అతడు వాడిన మాటే లోగోస్. గ్రీకువారికి అది కొత్త మాటేమీ కాదు. మాట, లెక్క, కారణం అనే అర్థాలన్నిటికీ వాళ్లు రోజూ వాడుకునే మాటే.

రెండు వందల ఏండ్ల తర్వాత, క్రీ.పూ. 300 ప్రాంతంలో, కుప్ర ద్వీపం నుంచి వచ్చిన జీనో ఏథెన్సులో బొమ్మలు గీసిన ఒక మండపంలో పాఠాలు చెప్పాడు. గ్రీకులో అలాంటి మండపాన్ని "స్తోయ" అంటారు. అందుకే అతని శిష్యులకు స్తోయికులని పేరు వచ్చింది. లోకమంతటినీ లోగోస్ నడిపిస్తుందని, ప్రతి మనిషిలో దాని అంశ ఉందని వాళ్లు బోధించారు. తర్వాతి కాలంలో బానిసగా బతికిన ఎపిక్టెటస్, రోమా చక్రవర్తి మార్కస్ ఔరేలియస్ ఇద్దరూ స్తోయికులే.

యేసుప్రభువు భూమి మీద ఉన్న కాలంలోనే అలెక్సంద్రియలో ఫైలో అనే యూదు పండితుడు ఉన్నాడు. మోషే ధర్మశాస్త్రాన్ని అతడు ప్లేటో గ్రంథాల వెలుగులో చదివాడు. దేవుడు లోకాన్ని లోగోస్ ద్వారా చేశాడని రాశాడు. పాత నిబంధనను గ్రీకులోకి మార్చినవారు దేవుని మాటకు అప్పటికే ఈ పదాన్ని వాడి ఉన్నారు. అలా యూదుల దారి, గ్రీకుల దారి ఒక మాట దగ్గర కలిశాయి.

పౌలు, యోహాను ఏమి చేశారు

అపొస్తలుల కార్యములు 17లో పౌలు ఏథెన్సుకు వెళ్లాడు. ఎపికూరీయులు, స్తోయికులు అతనితో వాదించారు. వాళ్ల పుస్తకాలను తగలబెట్టమని పౌలు చెప్పలేదు. వాళ్ల కవి మాటనే ఎత్తి చెప్పాడు. ఆ కవి అరాటస్, నక్షత్రాలను గూర్చి కావ్యం రాసినవాడు. పౌలు పుట్టిన కిలికియ ప్రాంతానివాడే. ఆ కవి జ్యూసు దేవుని గూర్చి అన్న మాటను పౌలు సృష్టికర్త వైపు తిప్పాడు. అక్కడితో ఆగక పునరుత్థానం దాకా వెళ్లాడు. కొందరు నవ్వారు, కొందరు నమ్మారు. అదే పౌలు కొలొస్సయులకు రాసిన పత్రిక రెండవ అధ్యాయంలో, తత్వజ్ఞానం పేరుతో ఎవరూ మిమ్మల్ని మోసపుచ్చకుండా చూసుకోండని హెచ్చరించాడు. ఆ మెప్పూ ఈ హెచ్చరికా రెండూ ఒకే మనిషివి. ఒకటి పట్టుకొని ఇంకొకటి వదిలేస్తే అది పౌలు బోధ కాదు.

యోహాను చేసినది ఇంకా పెద్దది. మొదటి వచనంలో లోగోస్ అని రాసినప్పుడు గ్రీకు చదువు చదివినవాడు తల ఊపి ఉంటాడు. పద్నాలుగో వచనం దగ్గరికి రాగానే ఆ తల ఆగిపోయి ఉంటుంది. ఆ లోగోస్ శరీరధారి అయ్యాడని అక్కడ ఉంది. ప్లేటో దారిలో నడిచినవారికి శరీరం ఆత్మకు చెరసాల లాంటిది. లోకాన్ని నడిపే లోగోస్ ఆకలి వేసే, చెమట పట్టే, గాయం తగిలితే రక్తం కారే శరీరం తీసుకోవడం వాళ్ల ఊహకు అందని సంగతి. ఉత్తర ఆఫ్రికాలో 354లో పుట్టిన అగస్టీను ఈ తేడానే పట్టుకున్నాడు. లోగోస్ దేవుని యొద్ద ఉన్నాడన్న సంగతి ప్లేటో అనుచరుల పుస్తకాలలో తనకు దొరికిందనీ, శరీరధారి అయ్యాడన్న సంగతి మాత్రం అక్కడ దొరకలేదనీ తన ఒప్పుకోలు గ్రంథంలో రాసుకున్నాడు.

సమరయ దేశపు జస్టిన్

100వ సంవత్సరం ప్రాంతంలో సమరయలోని నెయాపొలిలో జస్టిన్ పుట్టాడు. యేసుప్రభువు సమరయ స్త్రీతో మాట్లాడిన యాకోబు బావి ఆ ఊరి పక్కనే. సత్యం కోసం అతడు గురువుల చుట్టూ తిరిగాడు. మొదట స్తోయికుడు దొరికాడు, దేవుని గూర్చి అతడేమీ చెప్పలేదు. తర్వాత అరిస్టాటిల్ దారివాడు దొరికాడు, అతడు ముందు ఫీజు సంగతి తేల్చమన్నాడు. పైథాగరస్ దారివాడు సంగీతం, జ్యోతిశ్శాస్త్రం, రేఖాగణితం నేర్చుకొని రమ్మని పంపేశాడు. ప్లేటో దారివారి దగ్గర కొంత తృప్తి దొరికింది. చివరికి సముద్రపు ఒడ్డున ఒక ముసలాయన ప్రవక్తల గూర్చి, క్రీస్తు గూర్చి చెప్పగా విశ్వసించాడు.

నమ్మిన తర్వాత కూడా జస్టిన్ తత్వవేత్తల అంగీని విప్పలేదు. క్రీస్తే సంపూర్ణ లోగోస్ అనీ, ఆ లోగోస్ విత్తనాలు అన్ని జనాలలో చల్లబడి ఉన్నాయనీ రాశాడు. సోక్రటీసు, హెరాక్లిటస్ వంటివారు ఆ విత్తనం ప్రకారం బతికినవారని అన్నాడు. అయితే విత్తనం వేరు, పంట వేరు అనికూడా చెప్పాడు. విత్తనం చేతిలో ఉన్నంత మాత్రాన పంట ఇంటికి రాదని శనగ వేసే మనకు వేరే చెప్పాలా?

165 ప్రాంతంలో రోమాలో జస్టిన్‌ను, అతని తోటివారిని విచారణకు నిలబెట్టారు. అప్పుడు చక్రవర్తి మార్కస్ ఔరేలియస్. తీర్పు చెప్పిన అధికారి రస్టికస్, ఆ చక్రవర్తికి స్తోయిక తత్వం నేర్పిన గురువు. లోగోస్ గూర్చి పాఠాలు చెప్పినవాడు, లోగోస్‌ను నమ్ముకున్నవాని తల తీయించాడు. జ్ఞానం నోట ఉన్నంత మాత్రాన కనికరం గుండెలో ఉంటుందని చెప్పలేం. ఈ మాట తత్వవేత్తలకే కాదు, వాక్యం చెప్పే మనకూ వర్తిస్తుంది.

జస్టిన్ దారి అందరికీ నచ్చలేదు. కార్తేజీలో 200 ప్రాంతంలో ఉన్న టెర్తుల్లియను, ఏథెన్సుకూ యెరూషలేముకూ పొత్తు లేదని గట్టిగా వాదించాడు. ఆ వాదం ఇప్పటికీ మన సంఘాలలో వినపడుతూనే ఉంది. అయితే ఆత్మను గూర్చి రాసేటప్పుడు టెర్తుల్లియను కూడా స్తోయికుల ఆలోచనలనే వాడుకున్నాడు.

తెలుగుకు వచ్చేసరికి

లండన్ మిషన్ సేవకులు క్రాన్, డెగ్రాంజ్ 1805లో విశాఖపట్నం వచ్చి తెలుగు నేర్చుకున్నారు. ఆనందరాయరు వాళ్లకు అనువాదంలో సాయపడ్డాడు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపూరులో అచ్చయ్యాయి. ప్రిచెట్ తెలుగు చేసిన కొత్త నిబంధన 1818లో మద్రాసులో వెలువడింది. అదే మిషన్ 1810లో బళ్లారిలో, 1822లో కడపలో పని మొదలుపెట్టింది.

లోగోస్‌కు సరితూగే మాట వెదకడం ప్రతి భాషలోనూ చిక్కే. లాటిను బైబిలులో "వెర్బుం" అని ఉంది. ఎరాస్మస్ 1519లో దాన్ని "సెర్మో" అని మార్చితే గొడవైంది. చైనావారు తమ జ్ఞానుల మాట "దావ్" తీసుకున్నారు. తమిళులు "వార్తై" అన్నారు, మలయాళీలు "వచనం" అన్నారు, మరాఠీవారు "శబ్ద" అన్నారు. కన్నడిగులకూ మనకూ "వాక్యం" దక్కింది. మంచి మాటే. పదం ఒక్కటే అయితే అర్థం సగంలో నిలుస్తుంది, వాక్యంలో అర్థం పూర్తవుతుంది. కానీ లోగోస్‌లో ఉన్న లెక్క, కారణం అనే అర్థాలు ఈ మాటలోకి రాలేదు.

అవి ఎక్కడికీ పోలేదు. మన తెలుగు బైబిలులోనే వేరే చోట్ల ఉన్నాయి. లూకా 16వ అధ్యాయంలో యజమానుడు గృహనిర్వాహకుణ్ణి "లెక్క" అప్పగించమంటాడు. గ్రీకులో అక్కడున్నది లోగోసే. రోమా 14లో ప్రతివాడూ తన్ను గూర్చి దేవునికి ఇవ్వవలసిన "లెక్క" కూడా అదే. మొదటి పేతురు 3వ అధ్యాయంలో, మన నిరీక్షణను గూర్చి "హేతువు" అడిగేవారికి జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండమని ఉంది. ఆ హేతువూ లోగోసే.

చూశారా ప్రియులారా! వాక్యము, లెక్క, హేతువు మూడూ ఒకే మాట. మనం మొదటిదాన్ని నెత్తిన పెట్టుకొని మిగతా రెండింటినీ వాకిట్లో నిలబెట్టినాము. హేతువు అనగానే అది హేతువాదుల సొత్తు అనుకుంటాం. అడిగిన పిల్లవానికి హేతువు చెప్పమన్నది పేతురు. అదీ సాత్వికంతో చెప్పమన్నాడు, కసరుకొని కాదు. లెక్క అనగానే సంఘంలో కొందరికి కోపం వస్తుంది. వాక్యం చెప్పే నోరు, కానుకల లెక్క చెప్పడానికి ఎందుకు వెనకాడాలి? లెక్క చెప్పలేనివాని వాక్యం కుంటిదే.

మన పెద్దల జ్ఞానం సంగతి కూడా చెప్పాలి. కలకత్తాలో 1798లో ఒక పాదిరి కొడుకుగా పుట్టిన సి.పి. బ్రౌన్ 1820లో కడపకు ఉద్యోగానికి వచ్చాడు. చిన్నతనంలోనే గ్రీకు, హీబ్రూ నేర్చినవాడు. అతడు వేమన పద్యాలు వెదికి, పోగుచేసి, ఇంగ్లీషు అనువాదంతో 1829లో అచ్చు వేయించాడు. అతడు నివసించిన చోట ఇప్పుడు అతని పేరుతోనే గ్రంథాలయం ఉంది. దొంగభక్తిని వేమన ఎత్తిపొడిచినప్పుడు యెషయా, ఆమోసు చెప్పినది మనకు గుర్తుకు రాకపోతే మనం ప్రవక్తలను సరిగా చదవనట్టే. విత్తనం ఎక్కడ కనబడినా సంతోషించుదాం. పంట మాత్రం శరీరధారియై మన మధ్యకు వచ్చినవాని యొద్దనే ఉంది.

కాబట్టి తల్లిదండ్రులారా, మీ పిల్లలు ప్రశ్న అడిగితే భయపడకండి. తెలిసినంత చెప్పండి. తెలియకపోతే ఇద్దరూ కలిసి వెదకండి. సత్యమైనవానికి ప్రశ్నంటే భయం లేదు. తోమా అడిగితే ప్రభువు గాయాలు చూపించాడు గానీ తలుపు వేయలేదు.

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, నీ వాక్యమును ప్రేమించే హృదయము, లెక్క అప్పగించే నిజాయితీ, హేతువు చెప్పే ఓపిక మాకు దయచేయుము. మా బిడ్డల ప్రశ్నలలో నీవే వారిని కలుసుకొనుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.