తాడు మీది దుబ్బు

కార్తీక అమావాస్య దీపోత్సవం అయి వారమైంది. పద్మనాభం కొండ నీడ ఇంకా పల్లం మీంచి తొలగలేదు. మీరు చెప్పులు చేత పట్టుకుని గట్టు మీద నడుస్తున్నారు. మంచుకు గడ్డి జారుతోంది. ముందు వెళ్తున్న వ్యవసాయ సహాయకురాలి భుజాన తాడు చుట్ట, చేతిలో టేపు, మేకులు. వెనక కూలీల నెత్తి మీద టార్పాలిన్, కాటా. ఇవాళ ఇక్కడ పంట కోత ప్రయోగం.

ఈ మడిని ఎవరూ ఏరుకోలేదు. చీటీ తీసినట్టు సర్వే నంబరు పడింది. మడిలో ఎక్కడ కోయాలో కూడా అంతే. నైరుతి మూల నుంచి పొడవునా ఇన్ని అడుగులు, అడ్డంగా ఇన్ని అడుగులు అని కాగితంలో ముందే ఉంది. ఆమె లెక్కపెడుతూ వరిలోకి దిగింది. వెనకే మీరూ దిగారు. కంకులు మోకాళ్ళకు గీసుకుంటున్నాయి.

ఆమె ఆగిన చోట దోమపోటు. చాప పరిచినట్టు వరి గుండ్రంగా ఎండి పడుకుంది.

"అక్కడేటుంది తల్లీ, దోమ తినేసింది. ఇటేపు రండి, గింజ బాగా పోసుకుంది" అంటున్నాడు ముసలి రైతు. తన మడి పాడైందని కాగితానికెక్కడం ఆయనకు నామోషీ. గట్టు మీంచి పొరుగాయన గొంతు తగ్గించి, "ఊరుకో మావా, తక్కువొస్తేనే బీమా వస్తాది" అంటున్నాడు.

"పడ్డ చోటే కొయ్యాలి తాతా" అని ఆమె మేకు దించింది.

అయిదు మీటర్లు పొడవు, అయిదు మీటర్లు వెడల్పు. మూల నుంచి మూలకు టేపు పట్టి, 7 మీటర్ల 7 సెంటీమీటర్లు వచ్చేదాకా మేకులు జరిపింది. తాడు బిగిసింది. ఇప్పుడు వంగి చూడండి. తాడు సరిగ్గా దుబ్బుల మీంచే పోతోంది. ఇది లోపలిదా, బయటిదా? మొదలు సగానికి పైగా లోపల ఉంటేనే కొయ్యాలి. చుట్టూ తాడు 20 మీటర్లు. జానెడుకో దుబ్బు చొప్పున వందసార్లు ఇదే ప్రశ్న. నడుం నొప్పి పుట్టినప్పుడు, ఎండ ఎక్కినప్పుడు చెయ్యి తనకు తెలియకుండానే బయటి దుబ్బును లోపలికి లాగేస్తుంది.

ఈ దుబ్బు గురించే 1940లలో దేశంలోని పెద్ద గణాంక శాస్త్రవేత్తలు వాదించుకున్నారు. మహలనోబిస్ చిన్న చిన్న కోతలు చాలునన్నారు. కోత ఎంత చిన్నదైతే అంచు వాటా అంత పెరిగి దిగుబడి ఎక్కువగా కనబడుతుందని సుఖాత్మే ఎదురు చెప్పారు. విశాఖలో చదువుకుని 1941లో మహలనోబిస్ సంస్థకు కలకత్తా వెళ్ళిన మన సి.ఆర్. రావు పేరు ఆ శాస్త్రానికే వన్నె తెచ్చింది. ఇక్కడ మాత్రం ఆ శాస్త్రమంతా ఒక అమ్మాయి చూపు మీద నిలబడి ఉంది.

కోత అయింది. టార్పాలిన్ మీద కొట్టి, చేటతో తాలు ఎగరేసి, గింజను గోనెలో పోసి కాటాకు తగిలించారు. ముల్లు ఆగేదాకా మీరూ ఊపిరి బిగబట్టండి. కొలిచింది 25 చదరపు మీటర్లు, హెక్టారుకు కావాలంటే 400తో హెచ్చవెయ్యాలి. ఇక్కడ ఒక్క కిలో తేడా వస్తే ఎకరాకు 162 కిలోలు, రెండు బస్తాలకు పైమాటే. ఇలాంటి తూకాలు కలిసే బీమా సొమ్ము తేలుస్తాయి, రాష్ట్ర వ్యవసాయ ఆదాయమవుతాయి, దేశపు బియ్యం అంచనా అవుతాయి. 2023 జులైలో మన దేశం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతి ఆపినప్పుడు దాని వేడి అమెరికాలో మన తెలుగువాళ్ళ సరుకుల కొట్ల దాకా తగిలింది. దేశ ఆదాయమంటే చివరికి లెక్కే. నైజీరియా 2014లో తన లెక్క కట్టే పద్ధతి మార్చుకుంటే దేశ ఆదాయం ఒక్కసారిగా 89 శాతం పెరిగి కనబడింది. జనం మాత్రం నిన్న తిన్నదే ఇవాళా తిన్నారు.

ఆమె ఫోన్‌లో ఫొటో తీసింది. అక్షాంశం, రేఖాంశం నమోదయ్యాయి. ఆమె ఇక్కడికొచ్చిందని ఆ ఫొటో చెబుతుంది గానీ తాడు మీది దుబ్బును ఏం చేసిందో చెప్పదు. నాకు బెంగంతా ఆ దుబ్బు గురించే. కోత మిషన్లు ఊళ్ళోకొచ్చాక రైతు ఒక్కరోజు కూడా ఆగడు. ఒకే మనిషి నెత్తిన ఎరువులు, విత్తనాలు, రిజిస్ట్రేషన్లు, పైన ఈ కోతలు. ఆమె వచ్చేసరికి మడి ఖాళీ అయి ఉంటే? పక్క మడిలో కోస్తుందా, కూర్చుని రాస్తుందా? దేశం లెక్క తప్పేది ఇక్కడే, ఈ గట్టు మీదే. ఇలాంటి పిల్లకు ఇంకొక తోడునీ, ఇంకొక రోజునీ ఇవ్వడానికి మనం ఎందుకు వెనకాడుతున్నామో నాకు అర్థం కాదు.

పచ్చి తూకం రాసుకున్నాక గింజ ఎండాలి, మళ్ళీ తూయాలి. ముసలాయన ఇంటి అరుగు మీద పరిచారు. చూరులో పిచ్చుకలు కాచుకుని ఉన్నాయి.

"అవ్వా, ఒక్క గింజ పోకూడదు" అంది ఆమె.

"పిట్ట తింటే ఏటవుద్ది తల్లీ?"

"అది తిన్న గింజను నాలుగొందలతో హెచ్చవెయ్యాలవ్వా."

అవ్వకు హెచ్చవేత తెలియదు. కర్ర తెచ్చుకుని, ధాన్యం పక్కన కాళ్ళు చాపుకుని కూర్చుంది.