రొట్టెను ఎవరూ అనుమానించలేదు

1887 అక్టోబరు 5న లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రిలో డాక్టర్ శామ్యూల్ గీ ఒక మొండి జబ్బు గురించి ఉపన్యసించారు. అది ఎక్కువగా ఏడాది నుంచి ఐదేళ్ల పిల్లల్లో కనిపిస్తుంది. విరేచనాలు పాలిపోయి, నురగతో, దుర్వాసనతో, తిన్నదానికి మించి అవుతుంటాయి. ఒళ్లంతా చిక్కిపోయినా పొట్ట మాత్రం ఉబ్బి ఉంటుంది. ఈ జబ్బు తగ్గితే గిగ్గితే పథ్యంతోనే తగ్గాలి అని గీ తేల్చేశారు. సాక్ష్యంగా ఒక పిల్లవాడి సంగతి చెప్పారు. వాడికి రోజూ లీటరుకు పైగా మేలురకం హాలెండు ఆల్చిప్పలు తినిపిస్తే ఆశ్చర్యంగా కోలుకున్నాడట. ఆల్చిప్పల కాలం అయిపోగానే జబ్బు తిరగబెట్టింది. మరుసటి ఏడు మళ్లీ పెట్టబోతే వాడు నోరు తెరవనేలేదు.

పథ్యమే మందు అన్న మాట నూటికి నూరుపాళ్లూ నిజం. ఆ పథ్యంలో ఏముందో చూస్తే మాత్రం నవ్వాలో జాలిపడాలో తెలియదు. అన్నం వద్దు, సగ్గుబియ్యం వద్దు, మొక్కజొన్న పిండి వద్దు అన్నారు గీ. మాల్టు కలిపిన ఆహారం మెరుగన్నారు. రస్కులు, పలచగా కోసి రెండు వైపులా బాగా కాల్చిన రొట్టె పెట్టవచ్చన్నారు. వద్దన్న మూడూ ఆ పిల్లలకు ఏ హానీ చెయ్యనివి. పెట్టవచ్చన్న వాటిలోనే విషం ఉంది.

ఆ జబ్బే సీలియాక్. గోధుమ, బార్లీ, రై గింజల్లోని గ్లూటెన్ అనే మాంసకృత్తు కడుపులోకి వెళితే శరీరపు రక్షణ వ్యవస్థ తన చిన్నపేగు మీదే తిరగబడుతుంది. తిన్నది పీల్చుకోవలసిన సన్నని చూషకాలు అరిగి చదునైపోతాయి. పిల్లవాడు తింటూనే ఎండిపోతాడు. రోమన్ సామ్రాజ్య కాలంలోనే కపదోకియాకు చెందిన అరటేయస్ అనే గ్రీకు వైద్యుడు ఇలాంటి జబ్బును వర్ణించాడు. 1814లో లండన్ వైద్యుడు మాథ్యూ బెయిలీ, దీర్ఘకాలపు విరేచనాలతో చిక్కిపోయిన పెద్దవాళ్లలో కొందరు దాదాపు పూర్తిగా అన్నం మీదే బతికి బాగుపడ్డారని రాశారు. సరైన దారిలో పడిన మొదటి అడుగుల్లో అదొకటి. దాన్ని పట్టించుకున్నవారు లేరు. డెబ్బై మూడేళ్ల తర్వాత గీ ఆ అన్నాన్నే నిషేధించారు.

యూరప్ వైద్యులు మందబుద్ధులేమీ కారు. రొట్టె వాళ్లకు ఒక పదార్థంగా కనిపించలేదు, అంతే. చర్చిలో పవిత్ర ప్రసాదం అదే, జైల్లో శిక్ష అదే, జబ్బు చేస్తే పథ్యమూ అదే. పాలను అనుమానించారు, కొవ్వును అనుమానించారు, చక్కెరను, పేగుల్లోని సూక్ష్మజీవులను అనుమానించారు. న్యూయార్కులో క్రిస్టియన్ హెర్టర్ 1908లో ఈ జబ్బు మీద పుస్తకమే రాశారు. ఆయన పేరు గీ పేరు పక్కన చేరింది గానీ, రొట్టె మీదికి ఎవరి చూపూ పోలేదు.

దాని దగ్గర దాకా వెళ్లి పక్కకు తప్పుకున్నవారు సిడ్నీ హాస్. ఈ న్యూయార్కు పిల్లల వైద్యుడు 1924లో అరటిపండు పథ్యాన్ని ప్రకటించారు. పది మంది పిల్లల్లో అరటిపళ్లు తిన్న ఎనిమిది మంది కోలుకున్నారు, తినని ఇద్దరు చనిపోయారు. పోర్టోరికోలో రొట్టె తినే పట్నవాసులకు ఇలాంటి పేగు జబ్బు వస్తుంటే, అరటిపళ్ల మీద బతికే రైతులకు రావడం లేదని ఆయనే గమనించారు. పథ్యంలో రొట్టె, బిస్కట్లు, బంగాళాదుంప, ధాన్యాలు అన్నీ మానిపించారు. పిల్లలు బతికారు. కీర్తి మాత్రం అరటిపండుకు దక్కింది. కంచంలోంచి తీసేసినదాన్ని వదిలి కంచంలో వడ్డించినదాన్ని మెచ్చుకోవడం వైద్య చరిత్రలో ఇదొక్కసారే కాదు. దీనివల్ల నిజంగానే నష్టం జరిగింది. పండు జబ్బును నయం చేసిందనుకున్నాక, బాగుపడిన పిల్లవాడికి మళ్లీ రొట్టె పెట్టడంలో తప్పేమీ కనిపించదు కదా. అసలు సంగతి బయటపడ్డాక కూడా హాస్ తన అరటిపండును వదల్లేదు. 1951లో కొడుకుతో కలిసి పుస్తకం వేశారు. 1964లో, తొంభై దాటిన వయసులో, చనిపోయారు.

అసలు సంగతి బయటపెట్టినవారు విల్లెమ్ కారెల్ డికే. 1905లో హాలెండులోని డోర్‌డ్రెక్ట్‌లో పుట్టారు, లైడెన్‌లో చదివారు. ముప్పై ఒకటో ఏట, 1936లో, హేగ్ నగరంలోని జూలియానా పిల్లల ఆసుపత్రికి అధిపతి అయ్యారు. ఆ రోజుల్లోనే ఒక తల్లి ఆయనకు ఒక విషయం చెప్పిందంటారు: రొట్టె ఆపితే సీలియాక్ ఉన్న తన బిడ్డకు ఒంటి మీది దద్దుర్లు తగ్గిపోతున్నాయని. ఆ మాటను చాలామంది వైద్యులు తల్లి మనసు అని కొట్టిపారేసేవారు. డికే గోధుమ లేని పథ్యాలు పెట్టి చూడటం మొదలుపెట్టారు.

1941లో ఆయన ఒక డచ్ వైద్య పత్రికలో చిన్న వ్యాసం రాశారు. యుద్ధం నడుస్తోంది, దేశం జర్మన్ల చేతిలో ఉంది. హాస్ చెప్పిన అరటిపళ్లు దొరకవు. కాబట్టి రేషను రోజులకు సరిపోయే సాదా పథ్యం చెబుతున్నాను, అందులో రొట్టె గాని రస్కు గాని ఉండకూడదు, గోధుమపిండి పడని జావ పెట్టవచ్చు అన్నది ఆ వ్యాసం సారం. గొప్ప ఆవిష్కరణ ఇంత సాదాసీదా మాటల్లో, కరువు రోజుల వంట సలహా రూపంలో వచ్చింది.

ఆ తర్వాత వచ్చింది ఆకలి చలికాలం. 1944 సెప్టెంబరులో డచ్ రైల్వే కార్మికులు సమ్మెకు దిగారు. జర్మన్లు పడమటి హాలెండుకు ఆహారం రాకుండా అడ్డుకున్నారు. కాలువలు గడ్డకట్టాయి. మనిషికి రోజుకు దొరికేది వెయ్యి కేలరీల కిందికి పడిపోయింది. జనం చక్కెర దుంపలు, తులిప్ పూల గడ్డలు ఉడకబెట్టుకు తిన్నారు. ఇరవై వేల మందికి పైగా చనిపోయారు. ఊరంతా ఎండిపోతుంటే, సీలియాక్ పిల్లలు మాత్రం అంతకుముందు కంటే మెరుగయ్యారు. కరువు తీరి రొట్టె తిరిగి వచ్చాక మళ్లీ పడకేశారు.

ఈ కథ ఎంత బాగుంటుందంటే, చెప్పేవాళ్లు దానికి మరిన్ని హంగులు చేర్చారు. స్వీడన్ విమానాలు ఆకాశం నుంచి రొట్టెలు జారవిడిచాయని, అవి తిన్న పిల్లలు కూలిపోయారని, అప్పుడు డికేకు తళుక్కున వెలిగిందని చెబుతారు. నిజానికి 1945 మొదట్లో స్వీడన్ నుంచి పిండి ఓడల్లో వచ్చింది, రొట్టెలు హాలెండులోనే కాల్చారు. విమానాలు ఆహారం జారవిడిచింది ఏప్రిల్ చివర్లో, అవి మిత్రపక్షాలవి. అంతకన్నా ముఖ్యం, డికే గోధుమను వేలెత్తి చూపించి అప్పటికి మూడేళ్లు దాటింది. కరువు ఆయనకు దారి చూపలేదు, ఆయన నడుస్తున్న దారి సరైనదేనని చూపించింది. అదృష్టానికి ఇచ్చే పేరు ఆ తల్లికి, ఆమె మాట విన్న వైద్యుడికి దక్కాలి.

యుద్ధం తర్వాత జరిగిన పనికి ఇంత నాటకీయత లేదు. అసలు రుజువు అక్కడే ఉంది. కొద్దిమంది పిల్లలను డికే ఏళ్ల తరబడి కనిపెట్టి చూశారు. గోధుమ మానిపిస్తే బరువు గీత పైకి, పెడితే కిందికి. ఉట్రెక్ట్‌లో వాన్ డి కామర్ అనే జీవరసాయన శాస్త్రవేత్త మలంలో కొవ్వు ఎంత పోతోందో కచ్చితంగా కొలిచే పద్ధతి కనిపెట్టారు. వైద్యుడు వైయర్స్ కూడా వీరితో చేరారు. ఏ పిండి పెడితే పిల్లవాడి ఒంటికి పట్టకుండా ఎంత బయటికి పోతోందో అంకెల్లో తేలింది. 1950లో డికే ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయానికి సిద్ధాంత గ్రంథం సమర్పించారు.

పిండిలో ఏది దోషి? బొబ్బట్ల కోసం మైదా తడిపే ఇంట్లో ఆ దోషిని అందరూ చేత్తో సాగదీసి చూసినవాళ్లే. ముద్దను నీళ్లలో పిసికి కడిగితే తెల్లటి గంజి పోయి, సాగే జిగురు ముద్ద మిగులుతుంది. ఆ జిగురే గ్లూటెన్. గంజి పెడితే పిల్లలకు ఏమీ కాలేదు, జిగురు పెడితే జబ్బు తిరగబెట్టింది. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ వైద్యులు, వారిలో షార్లెట్ ఆండర్సన్ ఒకరు, 1952లో లాన్సెట్ పత్రికలో దీన్ని ధ్రువపరిచారు. 1954లో జె.డబ్ల్యు. పాలీ శస్త్రచికిత్సలో తీసిన పేగు ముక్కల్లో దెబ్బతిన్న పొరను చూపించారు. మార్గట్ షైనర్ 1956లో, క్రాస్బీ 1957లో నోటి గుండా గొట్టం దింపి పేగు ముక్క తీసే సాధనాలు తెచ్చారు. తర్వాత జన్యువులు, 1997లో శరీరం పొరబడి దాడిచేసే ఎంజైము కూడా దొరికాక, రక్తపరీక్షతోనే అనుమానం తేల్చే రోజు వచ్చింది. ఆ పరీక్షకు ముందే గోధుమ మానేస్తే ఫలితం తప్పుగా రావచ్చు, సొంత పథ్యాలు మొదలుపెట్టేవారు మరిచిపోయే సంగతి ఇది. డికే 1962లోనే, యాభై ఏడో ఏట, కన్నుమూశారు.

కారణం తెలిసినా మందు రాలేదు. జీవితాంతం పథ్యమే. 1968లో బ్రిటన్‌లో రోగుల సంఘం పెట్టినవారిలో ఒకరు పీటర్ బెనెన్సన్, ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్‌ను స్థాపించిన న్యాయవాదే. ఆయనకూ సీలియాక్ ఉంది. కతోలిక చర్చి మాత్రం తన రొట్టెను వదులుకోలేదు: గ్లూటెన్ బాగా తగ్గించిన అప్పం చెల్లుతుంది, పూర్తిగా లేనిది చెల్లదని 2017లో వాటికన్ మరోసారి చెప్పింది. దుకాణంలో పొట్లం మీద గ్లూటెన్ రహితం అని రాయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములు మించకూడదన్నది అంతర్జాతీయ ప్రమాణం, మన దేశంలోనూ అదే.

సీలియాక్ లేకున్నా గోధుమ తింటే కడుపుబ్బరమనేవారి సంగతి ఇంకా చిక్కు. మెల్‌బోర్న్‌లోని మొనాష్ విశ్వవిద్యాలయ బృందం 2011లో అలాంటి వారికి గ్లూటెన్ పడటం లేదని చెప్పింది. 2013లో మరింత జాగ్రత్తగా చూసి తన మాట తానే సవరించుకుంది. పులిసి వాయువు పుట్టించే కొన్ని పిండిపదార్థాలను ముందుగా మానిపిస్తే, ఆపైన గ్లూటెన్ పెట్టినా ప్రత్యేకమైన తేడా కనిపించలేదు. అలాంటి పదార్థాలు గోధుమలోనే కాదు, ఉల్లి, వెల్లుల్లిలోనూ ఉన్నాయి.

మన దేశంలో ఉత్తరాది పిల్లల్లో సీలియాక్ ఉందని 1966లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం వచ్చింది. దక్షిణాదిలో దాని మాటే తక్కువ. ఎందుకో 2016లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం చూపింది. హర్యానా, అస్సాం, వెల్లూరు ప్రాంతాల్లో 23 వేల మందికి పైగా పరీక్షించారు. జబ్బును సూచించే ప్రతిరక్షకాలు ఉత్తరాన 1.23 శాతం మందిలో, ఈశాన్యాన 0.87 శాతంలో, దక్షిణాన 0.10 శాతంలో కనిపించాయి. దానికి దారితీసే జన్యువులు మాత్రం మూడు చోట్లా దాదాపు మూడోవంతు మందిలో ఉన్నాయి. జన్యువులు సమానం, కంచాలు వేరు: ఉత్తరాన సగటున రోజుకు 455 గ్రాముల గోధుమ, దక్షిణాన 25 గ్రాములు.

తెలుగు కంచం కూడా అన్నం, జొన్నలు, రాగుల మీద పెరిగినదే కాబట్టి సీలియాక్ ఉన్న తెలుగువాడికి పథ్యం సగం ముందే అమరి ఉంది. ఇడ్లీ, దోసె, పెసరట్టు, అరిసెలు, ఆత్రేయపురం పూతరేకులు నిక్షేపంగా తినవచ్చు. తాపేశ్వరం కాజాకు సెలవు చెప్పాలి. బొంబాయి రవ్వ ఉప్మా, సేమియా, పూరీలు, చక్కెర జబ్బు వచ్చిందని రాత్రిపూట మొదలుపెట్టిన చపాతీలు, ఇవన్నీ కళ్లకు కనిపించే గోధుమ. కనిపించనిది వేరే ఉంది. జ్వరం తగ్గినవాళ్లకు బలమని కలిపి ఇచ్చే హార్లిక్స్ గోధుమ, మొలకెత్తించిన బార్లీలతో తయారవుతుంది. గీ మెరుగన్న మాల్టు అదే. రాజమండ్రి పక్కన ధవళేశ్వరంలో దాని కర్మాగారమే ఉంది.

ఇంకొకటి పోపుల డబ్బాలో ఉంటుంది. అసలు ఇంగువ జిగురు ఘాటు భరించలేనిది కాబట్టి, దుకాణాల్లో అమ్మే దానిలో తుమ్మజిగురు, పిండి కలుపుతారు. ఆ పిండి చాలాసార్లు గోధుమదో మైదానో అయి ఉంటుంది. అంటే చారులో, పులిహోరలో, ఇంగువ వేసిన ఆవకాయలో గోధుమ గింజ కనిపించకుండానే ఉండవచ్చు. బియ్యప్పిండి కలిపిన ఇంగువ కూడా దొరుకుతుంది, డబ్బా వెనక సన్న అక్షరాలు చదివి తెచ్చుకోవాలి.