గడువు తీరకముందే: పరదేశంలో క్రీడా శిక్షకుల కాపురాలు, తిరుగు ప్రయాణాలు

క్రీడా శిక్షణ ఒక వృత్తిగా ఇంగ్లండులో రూపు దిద్దుకున్నప్పటికీ దానికి తొలి ఆదరణ దొరికింది మాత్రం పరాయి దేశాలలోనే. పంతొమ్మిదో శతాబ్దం ముగిసేనాటికి ఫుట్‌బాల్ ఆడి పొట్టపోసుకునే వృత్తి క్రీడాకారులు ఆ దేశంలో పెద్ద సంఖ్యలో ఉన్నా, ఆట అనేది ఒకరు నేర్పితే వచ్చే విద్య కాదనీ, వీధిలో ఆడుతూ ఆడుతూ అబ్బవలసిందేననీ అక్కడి క్లబ్బుల యాజమాన్యాలు నమ్మేవి. ట్రెయినర్ అనే ఉద్యోగి ఉండేవాడు గానీ, ఆటగాళ్లను మైదానం చుట్టూ పరుగెత్తించడం, దెబ్బ తగిలిన కాళ్లకు మర్దనా చేయడం, బూట్లూ దుస్తులూ సరిచూడడం వరకే అతని పని. దీనికి తోడు 1901లో ఫుట్‌బాల్ అసోసియేషన్ ఆటగాడి వేతనానికి వారానికి 4 పౌండ్ల గరిష్ఠ పరిమితి విధించింది. ఆ మొత్తం కాలక్రమంలో పెరుగుతూ వచ్చినా, పరిమితి అనేది 1961 దాకా తొలగలేదు. ముప్పై ఏళ్లు దాటి, మోకాలు దెబ్బతిని ఆట మానేసిన మనిషి చేతిలో చెప్పుకోదగ్గ నిల్వ ఏదీ ఉండేది కాదు. సరిగ్గా అదే కాలంలో వియన్నా, ప్రాగ్, బుడాపెస్ట్, బెర్లిన్, జెనోవా నగరాలలోని క్లబ్బులు ఇంగ్లండు ఆటను ఇంగ్లండువాడి దగ్గరే నేర్చుకోవాలని తహతహలాడుతున్నందువల్ల, ఒకచోట పనికిరాని నైపుణ్యానికి మరొకచోట గిరాకీ ఏర్పడి, విదేశీ శిక్షకుడు అనే కొత్త ఉద్యోగి పుట్టుకొచ్చాడు.

ఈ ఉద్యోగాన్ని గురించి వెలువడిన చరిత్ర చాలావరకు గెలుపోటముల చరిత్రే. ఎవరు ఏ జట్టును ఏ ఏడాది విజేతగా నిలిపారో పుస్తకాలలో దొరుకుతుంది. ఒక సీజనుకో రెండేళ్లకో కుదిరిన ఒప్పందాన్ని నమ్ముకుని భాష తెలియని ఊరిలో కాపురం పెట్టిన భార్య, ఆ కాపురాన్ని ఎప్పుడు, ఏ పరిస్థితిలో ఎత్తివేయవలసి వచ్చిందో వెతికి పట్టుకోవాలి. అలా వెతికితే కనిపించేదేమిటంటే, తాత్కాలిక నివాసం ముగిసే తేదీ ఒప్పంద పత్రంలో స్పష్టంగా ఉన్నా, ఆ తేదీకే ముగిసిన నివాసాలు చాలా తక్కువ. యుద్ధమో, చావో, జబ్బో, ఇంటి దగ్గర ఎదుగుతున్న పిల్లలో ఆ తేదీని ముందుకో వెనక్కో జరిపాయి. కొందరి విషయంలో దానిని పూర్తిగా కొట్టివేశాయి.

క్రికెట్‌లో ఈ ప్రవాసం ఋతువుల ప్రకారం సాగింది. ఇంగ్లండులో ఆ ఆట వేసవికే పరిమితం గనుక, చలికాలమంతా జీతం లేని వృత్తి ఆటగాళ్లు ఓడ ఎక్కి దక్షిణాఫ్రికా పాఠశాలలకో భారతదేశంలోని సంస్థానాలకో శిక్షకులుగా వెళ్లి, వసంతానికి తిరిగి వచ్చేవారు. యార్క్‌షైర్ దిగ్గజాలైన విల్‌ఫ్రెడ్ రోడ్స్, జార్జ్ హర్స్ట్ 1921-22 చలికాలంలో భారతదేశానికి వచ్చి బొంబాయి చతుర్ముఖ పోటీలో యూరోపియన్ల జట్టుకు ఆడారు. రోడ్స్ ఆ తరువాత కూడా పటియాలా మహారాజు కొలువుకు వస్తూ పోతూ ఉన్నాడు. ఆరు నెలల కొలువుకు సంసారాన్ని వెంటబెట్టుకు రావడం ఖర్చుతో కూడిన పని కావడంతో, ఈ రకం ప్రవాసంలో భార్యలు సాధారణంగా ఇంటి దగ్గరే ఉండిపోయేవారు. బ్రిటిష్ ఓడరేవులనుంచి యూరప్ వెలుపలికి వెళ్లినవారి పేర్లను 1890 నుంచి 1960 వరకు నమోదు చేసిన ప్రయాణికుల జాబితాలు నేటికీ భద్రంగా ఉన్నందువల్ల క్రికెట్ శిక్షకుల రాకపోకలను ఆరా తీయడం సాధ్యమవుతుంది. ఇంగ్లిష్ చానల్ దాటి యూరప్‌లోకి వెళ్లిన ఫుట్‌బాల్ కుటుంబాలకు అటువంటి జాబితా లేదు. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు ఆ ఖండంలోని చాలా దేశాలకు పాస్‌పోర్టు లేకుండానే ప్రయాణం చేయవచ్చు గనుక ఆ దారిలో దొరికే ఆనవాళ్లు మరీ తక్కువ.

భార్యను ఇంట వదిలి నెలల తరబడి తిరగడం అందరికీ సమ్మతం కాలేదు. ఆ కాలపు అత్యుత్తమ బ్యాట్స్‌మన్‌గా పేరుపొందిన జాక్ హాబ్స్ 1924-25 ఆస్ట్రేలియా పర్యటనకు మొదట విముఖత చూపగా, ఆయన భార్య ఆడా కూడా వెంట రావడానికి పర్యటన నిర్వాహక సంస్థ ఎం.సి.సి. అంగీకరించిన తరువాతనే దారికి వచ్చాడు. వృత్తి ఆటగాడి భార్య పర్యటనలో ఉండడమే ఒక మినహాయింపుగా లెక్కకు వచ్చిన రోజులవి. ఇదే హాబ్స్‌ను, ఆయన జోడీ హెర్బర్ట్ సట్‌క్లిఫ్‌ను 1930-31లో భారతదేశానికీ సింహళానికీ రప్పించి తన జట్టులో ఆడించినవాడు విజయనగరం పూసపాటి వారి రెండో కుమారుడు, 'విజ్జీ'గా పేరుపడిన మహారాజకుమార్. ఆయన క్రికెట్ పరిజ్ఞానం మీద ఎన్ని విసుర్లు ఉన్నా, పరదేశపు ఆటగాళ్లను రప్పించే విషయంలో ఆయన పట్టుదలను మాత్రం ఎవరూ శంకించలేరు.

ఫుట్‌బాల్ కథ వేరు. అక్కడ ఒప్పందం సాధారణంగా ఏడాదికి తక్కువ కాదు గనుక కుటుంబం వెంట కదిలేది. లాంకషైర్‌లోని నెల్సన్ పట్టణంలో 1882లో పుట్టిన జిమ్మీ హోగన్ జీవితం ఇందుకు నిండైన ఉదాహరణ. బోల్టన్ వాండరర్స్ తరఫున ఆడిన ఇతడు 1910లో నెదర్లాండ్స్‌లోని డోర్‌డ్రెక్ట్ క్లబ్బుకు శిక్షకుడిగా వెళ్లాడు. 1912లో ఆస్ట్రియా ఫుట్‌బాల్‌కు సూత్రధారి అయిన హ్యూగో మైజ్ల్ పిలుపుమీద వియన్నా చేరి స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌కు ఆ దేశపు జట్టును సిద్ధం చేశాడు. 1916లో బెర్లిన్‌లో జరగవలసిన ఒలింపిక్స్‌ను దృష్టిలో పెట్టుకుని మళ్లీ వియన్నాలో కాపురం పెట్టి, భార్య ఈవ్లిన్‌తోనూ పిల్లలతోనూ ఉండగా 1914 వేసవి వచ్చింది. వెళ్లిపోవడం మంచిదా అని బ్రిటిష్ కాన్సల్‌ను అడిగితే తొందర ఏమీ లేదన్న జవాబు వచ్చిందని హోగన్ తరువాతి కాలంలో చెప్పుకున్నాడు. రోజుల వ్యవధిలో యుద్ధం మొదలై, అతడు శత్రుదేశ పౌరుడిగా, అంటే నేరమేమీ చేయకపోయినా జాతీయత కారణంగానే నిఘాకూ నిర్బంధానికీ గురయ్యే వ్యక్తిగా అరెస్టయ్యాడు.

అంతటితో వియన్నా కాపురాన్ని చుట్టబెట్టే భారమంతా ఈవ్లిన్ మీద పడింది. బ్రిటిష్ చట్టం ప్రకారం 1870 నుంచి 1948 దాకా వివాహిత జాతీయత భర్త జాతీయతను అనుసరించేది. కాబట్టి ఇటువంటి కుటుంబాలలో భార్య పుట్టుకతో ఏ దేశస్థురాలైనా భర్తతో పాటు ఆమె కూడా శత్రుపక్షం కిందికే వచ్చేది. అయితే పురుషులను నిర్బంధించిన ప్రభుత్వాలు స్త్రీలనూ పిల్లలనూ వెళ్లనిచ్చేవి. బ్రిటన్ ప్రయోజనాలను ఆ దేశాలలో చూసే బాధ్యత అప్పటికి తటస్థంగా ఉన్న అమెరికా రాయబార కార్యాలయాలకు అప్పగించి ఉండడంతో, వాటి సహాయంతో ఆమె 1915 తొలి నెలల్లో పిల్లలను తీసుకుని ఇంగ్లండు చేరుకోగలిగింది. యుద్ధంలో ఉన్న ఖండం మీదుగా భర్త తోడు లేకుండా పిల్లలతో సాగిన ఈ ప్రయాణం హోగన్ జీవిత కథనాలలో ఒకటి రెండు వాక్యాలకు మించి కనిపించదు. అతడు మాత్రం వియన్నాలో ఒక ఆంగ్ల వర్తక కుటుంబం ఆశ్రయంలో కొంతకాలం గడిపి, తరువాత బుడాపెస్ట్‌లోని ఎం.టి.కె. క్లబ్బుకు శిక్షకుడై, ఆ జట్టును 1917లోనూ 1918లోనూ విజేతగా నిలిపిన వైనం వివరంగా దొరుకుతుంది. హంగరీ ఫుట్‌బాల్‌కు పునాది పడిన ఆ సంవత్సరాలు అతని భార్యాబిడ్డలకు ఎడబాటు సంవత్సరాలన్న సంగతి ఆ వైనంలో అంతగా ప్రస్తావనకు రాలేదు.

జర్మనీలో ఉన్నవారికి ఈ పాటి వెసులుబాటు కూడా దక్కలేదు. 1914 నవంబరు 6న వెలువడిన ఉత్తర్వు ప్రకారం 17 నుంచి 55 ఏళ్ల మధ్య వయసున్న బ్రిటిష్ పురుషులను బెర్లిన్ శివార్లలోని రూలేబెన్ గుర్రప్పందాల మైదానానికి తరలించి, గుర్రాల కొట్టాలలోనే నివాసం ఏర్పాటు చేశారు. ఇంగ్లండు తరఫున 23 మ్యాచ్‌లలో 28 గోల్స్ చేసిన స్టీవ్ బ్లూమర్ శిక్షకుడిగా బెర్లిన్ చేరింది యుద్ధానికి కొద్ది వారాల ముందే. జర్మనీ ఒలింపిక్ జట్టు బాధ్యత తీసుకున్న ఫ్రెడ్ పెంట్లండ్, డ్రెస్డెన్ శిక్షకుడు జాన్ కామెరాన్ కూడా అక్కడే ఖైదీలయ్యారు. తాత్కాలికమనుకున్న కొలువు నాలుగేళ్ల చెరగా మారింది.

తిరిగి వచ్చినవారికి స్వదేశంలో దక్కిన ఆదరణ గురించి చెప్పకుండా ఈ వృత్తి చరిత్ర పూర్తికాదు. యుద్ధంవల్ల నష్టపోయిన ఆటగాళ్లకు సహాయ నిధి ఉన్నదని విని హోగన్ లండన్‌లోని ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యాలయానికి వెళితే, కార్యదర్శి ఫ్రెడరిక్ వాల్ ఖాకీ సాక్సులు మూడు జతలు చేతిలో పెట్టి పంపాడని ప్రసిద్ధి. యుద్ధకాలంలో శత్రుదేశంలో శిక్షణ ఇచ్చినవాడిని ద్రోహిగా చూసే భావన దాని వెనుక ఉన్నది. 1934లో ఫుల్‌హామ్ క్లబ్బు అతనిని నియమించి, ఏడాదైనా తిరగకముందే, అతడు ఆసుపత్రిలో ఉండగానే తొలగించింది. స్వీడన్‌ను 1948 ఒలింపిక్స్‌లో విజేతగా, 1958 ప్రపంచ కప్‌లో ఫైనలిస్టుగా నిలిపిన జార్జ్ రేనర్‌కు కూడా ఇంగ్లండుకు తిరిగి వచ్చాక దొరికింది స్కెగ్‌నెస్ అనే సముద్రతీర పట్టణంలోని చిన్న క్లబ్బు. పరదేశపు విజయానికి ఇంట్లో విలువ లేదన్న ఈ అనుభవమే చాలామందిని మళ్లీ మళ్లీ పెట్టె సర్దుకునేలా చేసిందనడం అతిశయోక్తి కాదు. హోగన్ యుద్ధం తరువాతి రెండు దశాబ్దాలలో స్విట్జర్లాండ్, హంగరీ, జర్మనీ, ఫ్రాన్స్, ఆస్ట్రియాలలో పనిచేశాడు. 1953లో వెంబ్లీ మైదానంలో హంగరీ జట్టు ఇంగ్లండును 6-3 గోల్స్‌తో ఓడించి, ఆ ఆటకు మూలం హోగన్ బోధనేనని హంగరీ ఫుట్‌బాల్ పెద్దలు ప్రకటించిన తరువాత గానీ స్వదేశం అతనివైపు తలతిప్పి చూడలేదు.

కొందరికి తిరుగు ప్రయాణమే లేదు. సెల్టిక్ మాజీ ఆటగాడు జాన్ మాడెన్ 1905లో ప్రాగ్‌లోని స్లావియా క్లబ్బుకు వచ్చి, అక్కడి స్త్రీని వివాహమాడి, పాతికేళ్లు శిక్షకుడిగా ఉండి, 1948లో ఆ నగరంలోనే కన్నుమూశాడు.

విలియం గార్బట్, అన్నాల దాంపత్యంలో ఈ చరిత్ర మరింత విషాదకరమైన మలుపు తీసుకున్నది. గాయంవల్ల ఆట మానేసిన ఇంగ్లండు ఫుట్‌బాల్ ఆటగాడు గార్బట్ 1912లో, ఇంకా ముప్పై నిండకముందే, భార్యతో ఇటలీ వెళ్లి జెనోవా క్లబ్బులో చేరాడు. ఇటలీలో ఫుట్‌బాల్ శిక్షకుడిని నేటికీ 'మిస్టర్' అని సంబోధించే అలవాటు అతనితోనే మొదలైందని చెబుతారు. మొదటి యుద్ధకాలంలో బ్రిటిష్ సైన్యంలో పనిచేసి మళ్లీ జెనోవాకే వచ్చి 1923లోనూ 1924లోనూ ఆ క్లబ్బుకు జాతీయ విజయం సాధించిపెట్టాడు. తరువాత రోమా, నాపోలి. నేపుల్స్‌లో ఉన్న రోజులలో ఆ దంపతులు ఒక ఇటాలియన్ బాలికను పెంచుకున్నారు. ఆ క్షణంనుంచి వారి నివాసాన్ని తాత్కాలికమనడానికి వీలులేదు. 1935-36లో స్పెయిన్‌లోని బిల్బావో జట్టును విజేతగా నిలిపిన కొద్ది వారాలకే అక్కడ అంతర్యుద్ధం రావడంతో ఆ కాపురం ఎత్తివేసి ఇటలీ చేరారు. 1940 జూన్‌లో ముస్సోలినీ బ్రిటన్‌పై యుద్ధం ప్రకటించినప్పుడు, దాదాపు మూడు దశాబ్దాలుగా ఎరిగిన దేశమే వారిని శత్రువులుగా పరిగణించి దక్షిణ ప్రాంతంలో నిర్బంధ నివాసానికి పంపింది. పలుచోట్లకు మారి చివరకు ఉత్తరాన ఇమోలా పట్టణంలో తలదాచుకున్న అన్నా 1944లో ఆ పట్టణంపై జరిగిన వైమానిక దాడిలో మరణించింది. బాంబులు వేసినవి ఆమె స్వదేశం చేరిన మిత్రపక్షాల విమానాలు. గార్బట్ యుద్ధం ముగిశాక కొంతకాలం జెనోవా శిక్షకుడిగానే పనిచేసి, ఆ తరువాత ఇంగ్లండుకు మరలిపోయి 1964లో చనిపోయాడు. భార్య లేని ఆ తిరుగు ప్రయాణాన్ని ఒప్పందం ముగియడమని అనగలిగేది క్లబ్బు రికార్డులు మాత్రమే.

హోగన్ పుట్టిన నెల్సన్ పట్టణానికే 1929లో ఎదురు దిశనుంచి మరొక జంట వచ్చింది. ట్రినిడాడ్ క్రికెటర్ లియరీ కాన్‌స్టంటైన్ అక్కడి క్లబ్బుకు లీగ్ ప్రొఫెషనల్‌గా, అంటే వారాంతపు మ్యాచ్‌లు ఆడుతూ మిగతా రోజులలో స్థానిక సభ్యులకు ఆట నేర్పే జీతగాడిగా, మూడేళ్ల ఒప్పందంమీద భార్య నార్మాతో వచ్చాడు. నల్లజాతివారిని ఎన్నడూ చూడని వీధిలో కాపురం పెట్టిన ఆ దంపతులు మూడేళ్లకు కాదు, ఇరవై ఏళ్లకు, 1949లో ఆ ఊరు విడిచారు. ఎడబాటో విపత్తో కాక, ఇరుగుపొరుగు కలిసిరావడంవల్ల గడువు పెరిగిన అరుదైన ఉదాహరణ ఇది.

విమాన ప్రయాణం చవక అయిన తరువాత ఈ వృత్తి స్వరూపం మారింది: కుటుంబం ఇంటి దగ్గరే ఉంటుంది, శిక్షకుడో శిక్షకురాలో ఒంటరిగా వెళతారు. తెలుగు నేలమీద దీనిని చూడదగిన చోటు హైదరాబాదులోని గచ్చిబౌలి. 2008లో పుల్లెల గోపీచంద్ బ్యాడ్మింటన్ అకాడమీ మొదలైన తరువాత ఇండోనేషియా, మలేషియా, కొరియా శిక్షకులు వరుసగా అక్కడికి వచ్చారు. ఇండోనేషియాకు చెందిన ముల్యో హండోయో 2017లో వచ్చిన ఏడాదే కిదాంబి శ్రీకాంత్ నాలుగు సూపర్ సిరీస్ టైటిళ్లు గెలుచుకున్నాడు. ఆ సంవత్సరాంతానికే శిక్షకుడు కుటుంబ కారణాలు చెప్పి వెళ్లిపోయాడు. కొరియాకు చెందిన కిమ్ జీ హ్యూన్ శిక్షణలో పి.వి. సింధు 2019 ఆగస్టులో బాసెల్‌లో ప్రపంచ విజేత కాగా, ఒక నెల తిరగకముందే న్యూజిలాండ్‌లో ఉన్న భర్త అనారోగ్యంవల్ల ఆమె ఉద్యోగం వదులుకోవలసి వచ్చింది. ఆమె స్థానంలో సింధు బాధ్యత తీసుకున్న పార్క్ టే సాంగ్ కరోనా కాలమంతా కొరియాలోని కుటుంబానికి చాలావరకు దూరంగానే ఉండి, 2021లో టోక్యో కాంస్యం దాకా తోడు నిలిచాడు.

నేటి ఒప్పందాలను క్రీడా సమాఖ్యలు ఒక ఒలింపిక్స్‌నుంచి తరువాతి ఒలింపిక్స్ దాకా సాగే నాలుగేళ్ల చక్రం ప్రకారం లెక్కవేస్తాయి. పై రెండు నిష్క్రమణలూ ఆ చక్రం మధ్యలో జరిగినవే. ఈవ్లిన్ హోగన్ కాలంలో శిక్షకుడి కాపురాన్ని సర్దే పని పరదేశంలోని భార్యది; ఇప్పుడు సర్దవలసిన కాపురం అక్కడ ఉండదు గానీ, వెనక్కి పిలిచే ఇల్లు మరొక ఖండంలో ఉంటుంది, ఆ పిలుపుకు ఒప్పంద పత్రంలో నేటికీ ప్రత్యేకించి చోటు లేదు.