ఆడబిడ్డ వాటా కొత్తది కాదు: పన్నెండెకరాల లెక్క



కూరగాయలు తీసుకొని వనస్థలిపురం రైతుబజారుకు పోయేటోళ్లకు ఎల్.బి.నగర్‌లో రంగారెడ్డి జిల్లా కోర్టులు ఎక్కడున్నయో తెలుసు. ఒకప్పుడు ఆ చుట్టుపక్కల భూమిని ఎకరాల్లో కొలిచేది, ఇప్పుడు గజాల్లో కొలుస్తున్నరు. గుంటకు 121 గజాలు. గుంట భూమికి కూడా తోబుట్టువులు కోర్టు మెట్లెక్కే రోజులొచ్చినయి. అక్కడ అందరి నోటా ఒకటే మాట: "పెండ్లి చేసి పంపిన పిల్లకు ఇప్పుడు కొత్తగా వాటా ఏంది?"

కొత్తగా వచ్చింది కాదు. దేశం మొత్తానికి రాకముందు 20 ఏండ్ల కిందనే మన రాష్ట్రంలో వచ్చింది. ఆ కథ ఒకసారి చెప్పుకుందాం.

1951లో అంబేద్కర్ కేంద్ర మంత్రి పదవికి రాజీనామా చేసిండు. హిందూ కోడ్ బిల్లును ముందుకు పోనియ్యకపోవడం అందుకు ఒక పెద్ద కారణం. తర్వాత ఆ బిల్లును ముక్కలు చేసి పాస్ చేసిన్రు. అందులో ఒకటి 1956 హిందూ వారసత్వ చట్టం. తండ్రి సొంతంగా సంపాదించి, వీలునామా రాయకుండా పోతే భార్యకు, కొడుకులకు, బిడ్డలకు సమాన వాటా అన్నది. కానీ తాతల నాటి ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో హక్కు మగపిల్లలకే ఉంచింది.

లెక్క చూడండి. తాతల నాటి భూమి 12 ఎకరాలు. తల్లి, తండ్రి, ఇద్దరు కొడుకులు, ఒక బిడ్డ. తండ్రి చనిపోయిండు. పాత పద్ధతిలో ముందుగా తండ్రికి, ఇద్దరు కొడుకులకు తలా 4 ఎకరాలు. మన దిక్కు ఆ పంపకంలో తల్లికి విడిగా భాగం లేదు. తండ్రి 4 ఎకరాలను మళ్లీ నలుగురికి పంచాలె. అంటే కొడుక్కి 5 ఎకరాలు, తల్లికి ఎకరం, బిడ్డకు ఎకరం.

ఎన్టీఆర్ ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు ఆంధ్రప్రదేశ్ 1986లో ఈ చట్టాన్ని సవరించింది, 1985 సెప్టెంబరు 5 నుంచే అమలు అన్నది. బిడ్డకూ కొడుకు లెక్కనే పుట్టుకతో హక్కు. వరకట్నాన్ని రూపుమాపాలన్న ఉద్దేశం ఆ చట్టం మొదట్లోనే రాసిన్రు. ఇప్పుడు అదే 12 ఎకరాలు: తండ్రికి, ముగ్గురు పిల్లలకు తలా 3 ఎకరాలు. తండ్రి వాటా మళ్లీ నలుగురికి తలా 30 గుంటలు. ప్రతి పిల్లకూ, పిల్లవాడికీ 3 ఎకరాల 30 గుంటలు, తల్లికి 30 గుంటలు.

అయితే ఒక మెలిక పెట్టిన్రు. ఆ తేదీకి ముందే పెండ్లయిన బిడ్డకు ఇది వర్తించదు. తమిళనాడు 1989లో, కర్ణాటక, మహారాష్ట్ర 1994లో ఇదే బాట పట్టినయి. 2005 సెప్టెంబరు 9న కేంద్రం దేశమంతటికీ తెచ్చినప్పుడు పెండ్లి మెలిక తీసేసింది. 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరైన పంపకాలు, కోర్టు డిక్రీ అయిన పంపకాలు మాత్రం కదలవన్నది.

మరి 2005 నాటికి తండ్రి బతికి ఉండాల్నా? దీని మీద ఏండ్ల తరబడి కొట్లాట నడిచింది. 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది: అక్కర్లేదు, హక్కు పుట్టుకతోనే వచ్చింది. ఇంకొకటి కూడా చెప్పింది: "నోటిమాటతో ఎప్పుడో పంచుకున్నం" అంటే మామూలుగా చెల్లదు, గట్టి సర్కారు కాగితాల రుజువు ఉండాలె.

మన ఊర్లకు అసలు దెబ్బ ఇక్కడే. మనోళ్ల పంపకాలు చాలావరకు పెద్దమనుషుల ముందు, తెల్ల కాగితం మీద అయినయి. పసుపు కుంకుమ కింద బిడ్డకిచ్చిన భూమి కూడా చాలాచోట్ల పాసుపుస్తకం ఎక్కలేదు. కట్నం ఇచ్చినమంటే వాటా తీరినట్టు కాదు.

వీలునామా రాస్తే అయిపోతది అనుకునేటోళ్లున్నరు. తండ్రి తన స్వార్జితం, ఉమ్మడిలో తన వాటా మాత్రమే రాయగలడు, బిడ్డ వాటా రాయలేడు. హిందువుల వీలునామాకు ప్రొబేట్ తప్పనిసరి అన్నది బెంగాల్ ప్రాంతానికి, మద్రాసు, బొంబాయి నగరాలకు ఒకప్పుడు ఉన్న పాత నిబంధన, మన పల్లెలకు కాదు; దాన్ని కూడా 2025లో తీసేసిన్రు. వీలునామా మీద గొడవొస్తే మాత్రం సివిల్ కోర్టులో రుజువు చేయాల్సిందే.

ఈ లెక్కంతా హిందూ కుటుంబాలది. ముస్లింలకు, క్రైస్తవులకు చట్టాలు వేరు, గిరిజనులకు ఇది వర్తించదు.

పెద్దోళ్లు బతికుండంగనే అక్కచెల్లెళ్లను కూడా పిలిచి కూర్చోండి. పంచుకుంటే పంపకం, ఆమె ఇష్టపడి వదులుకుంటే హక్కు విడుదల పత్రం, ఏదైనా రిజిస్ట్రేషన్ చేయించండి. ఆ ఖర్చు ఒక్కసారి. కోర్టు వాయిదాలకు తిరిగే ఖర్చు ఎన్నేండ్లో మీకే తెలుసు.